వెనేడియం రేకును చెడగొట్టడం ఎలా?

వెనేడియం రేకు చేతికి రాకముందే ఒక నిర్ణయానికి వచ్చేయండి: పైపొరతో మనకు పనిలేదు. మన పని హైడ్రోజన్‌తో. హైడ్రోజన్ ఉండేది లోహం లోపల. లోపలి సంగతి చూసుకుంటే పైసంగతి దానంతటదే కుదురుతుంది. ఈ ఒక్క నమ్మకం గట్టిగా ఉంటే చాలు, కింద రాసినవన్నీ ఎవరూ చెప్పకుండానే మీ చేతుల మీదుగా జరిగిపోతాయి. అయినా కొత్తగా చేరిన స్కాలర్లు మొహమాటానికి పోయి సీనియర్ల మాట వింటారేమోనని విడమరిచి రాస్తున్నాను.

ఈ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఏ పుస్తకం తెరిచినా వెనేడియం లోపలి గొప్పలే. గది ఉష్ణోగ్రత దగ్గర హైడ్రోజన్ వ్యాపన గుణకం పల్లాడియంలో కన్నా వెనేడియంలో సుమారు వంద రెట్లు ఎక్కువ. 400 డిగ్రీల దగ్గర ఒకే మందం ఉన్న రెండు రేకులు పక్కపక్కన పెడితే, వెనేడియంలోంచి పల్లాడియం కన్నా పదింతల దాకా హైడ్రోజన్ దాటగలదు. ధర చూస్తే పల్లాడియం విలువైన లోహాల వరసలో కూర్చునే సరుకు. వెనేడియం ఉక్కు కర్మాగారాలు టన్నుల్లో వాడే సరుకు. ఇంత మంచి లోహం ఉండగా లోకమంతా ఇంకా పల్లాడియం చుట్టూ ఎందుకు తిరుగుతోందని మాత్రం అడగకండి. అడిగితే జవాబు మిమ్మల్ని తిన్నగా పైపొర దగ్గరికి తీసుకుపోతుంది.

పైన పటారం, లోన లొటారం అని మనుషుల్ని అంటుంటాం. వెనేడియం దానికి తలకిందులు. లోపలంతా పటారమే, లొటారం ఉన్నది పైన కొన్ని నానోమీటర్ల మేర. హైడ్రోజన్ లోహంలోకి అణువుగా వెళ్లదు. ఉపరితలం మీద రెండు పరమాణువులుగా విడిపోయాకే వెళ్తుంది. శుభ్రమైన వెనేడియం మీద ఈ విడిపోవడం ఇట్టే జరిగిపోతుంది. ఆక్సైడ్ కప్పుకున్న వెనేడియం మీద దాదాపు జరగదు. అవతలి వైపూ అదే తంతు: రెండు పరమాణువులు ఉపరితలం మీద కలిస్తేనే అణువై బయటపడతాయి. ఇది తెలిసినవాళ్లు పని మొదలుపెట్టకముందే భయపడతారు. మీరు భయపడకండి.

రేకు కొనడం దగ్గర మొదలుపెడదాం. ఇండెంట్‌లో ‘వెనేడియం, 99.9 శాతం’ అని రాసి వదిలేయండి. ఆ తొమ్మిదులు చాలాసార్లు లోహ మలినాలను మాత్రమే తీసేసి వేసిన లెక్క. ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ ఎంతెంత ఉన్నాయో అందులోకి రాదు. కావాలంటే విడిగా అడగాలి. అడగకండి, కాగితాలు పెరిగితే ఆడిట్‌లో తలనొప్పి. ఈ విషయంలో పెద్దల అండ కూడా మీకు ఉంది. 1831లో స్వీడన్‌లో బెర్జీలియస్ అంతటివాడు వెనేడియం లోహాన్ని వేరుచేశాననే అనుకున్నాడు. అది లోహం కాదు, నైట్రైడ్ అని మాంచెస్టర్‌లో హెన్రీ రాస్కో 1867లో తేల్చాడు. అంతకన్నా ముందు, 1801లో మెక్సికోలో ఈ మూలకాన్ని మొదట గుర్తించిన ఆంద్రేస్ మాన్యుయెల్ దెల్ రియోకి పారిస్ నుంచి ‘ఇది మలినాలున్న క్రోమియమే’ అని జవాబు వచ్చింది. పాపం, ఆయన నమ్మి తన మాట వెనక్కి తీసుకున్నాడు. రాస్కో తయారుచేసిన లోహం సంగతీ చిత్రమే. వెనేడియం డైక్లోరైడును ఆయన వేడిచేసింది హైడ్రోజన్‌లో! వంచితే విరగని, సాగే వెనేడియం కోసం 1927 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు మార్డెన్, రిచ్ అనే ఇద్దరు ఆక్సైడును కాల్షియంతో క్షయకరణం చేసి సాధించారు. ఆక్సిజన్, నైట్రోజన్ ఏ కాస్త చొరబడినా ఈ లోహం పెళుసెక్కిపోతుందన్నది ఆ వందేళ్ల కథ సారం. ఇంత చరిత్ర ఉన్న తప్పును దిద్దడానికి మీరెవరు?

రేకు వచ్చింది. ప్యాకెట్ విప్పి వేళ్లతో పట్టుకుని, కిటికీ వెలుతురుకు పెట్టి పక్క ల్యాబ్ వాళ్లందరికీ చూపించండి. చేతికంటిన నూనె, ఉప్పు సంగతా? ‘ఎసిటోన్‌తో శుభ్రపరచితిమి’ అని ఒక వాక్యం పడేస్తే పోతుంది. రేకు ఎలాగూ తళతళ మెరుస్తూనే ఉంటుంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం వందల నానోమీటర్లు, ఆక్సైడ్ పొర మందం కొన్ని నానోమీటర్లు. కంటికే ఆననిదాన్ని మనం ఎందుకు పట్టించుకోవాలి?

ఎవరైనా పోరుపెడితే వాక్యూమ్‌లో వేడిచేయండి. వేడిచేస్తే ఆక్సైడ్ ‘ఎగిరిపోతుంది’ అని నమ్మండి. ఈ నమ్మకం చాలామందికి ఉంది కాబట్టి మీకు తోడు దొరుకుతుంది. నిజానికి ఆక్సైడ్ పోతుంది గానీ బయటికి కాదు, లోపలికి. వెనేడియంకి ఆక్సిజన్ మీద ఉన్న మమకారం అలాంటిది. వేడి తగలగానే పైపొరలోని ఆక్సిజన్ లోహంలో కరిగి జాలకం సందుల్లో సర్దుకుంటుంది. లోహం గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది. ఇది ఒక వైపు. మరో వైపు లోపల ఎక్కడో పీపీఎం మోతాదులో దాక్కున్న గంధకం అదే వేడికి పైకి తేలి ఉపరితలమంతా పరుచుకుంటుంది. అంటే మీరు ఒక దుప్పటి తీసి ఇంకోటి కప్పారు. ఉపరితల శాస్త్రం చేసేవాళ్లు ఆర్గాన్ అయాన్లతో కొట్టడం, వేడిచేయడం, మళ్లీ కొట్టడం అంటూ రోజుల తరబడి ఎందుకు కూర్చుంటారో ఇప్పుడు అర్థమైంది కదా. అర్థమైనా మీరు మాత్రం అలా కూర్చోకండి. వాళ్లంత కష్టపడ్డా వెనేడియం (100) తలం మీద కనిపించే ఐదింతల అమరిక శుభ్రమైన లోహానిదా, ఆక్సిజన్ తెచ్చిపెట్టినదా అని వాదులాడుకున్నారు. చివరికి ఆక్సిజన్‌దే అని తేలింది. వాళ్లకే అలా అయితే మీ రేకు ఏపాటి?

ఉపరితలం మీద ఏముందో చూపే ఎక్స్‌పీఎస్ యంత్రం మీద స్లాట్ దొరికిందనుకోండి, దాన్ని వృథా చేసే పద్ధతి కూడా ఉంది. వెనేడియం 2పీ శిఖరాల్లో 512 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరిది లోహానిది, 517 దగ్గరిది ఐదో ఆక్సీకరణ స్థితిది. వాటికి కాస్త పైన 530 దగ్గర ఆక్సిజన్ 1ఎస్ శిఖరం నిలబడి ఉంటుంది. మోనోక్రొమేటర్ లేని పాత యంత్రమైతే ఆ ఆక్సిజన్ శిఖరం తాలూకు ఉపశిఖరాలు ఎనిమిది పది వోల్టులు కిందికి దిగి, వెనేడియం రెండో శిఖరం ఉండాల్సిన చోటే వచ్చి కూర్చుంటాయి. కాబట్టి ఆక్సిజన్ భాగాన్ని స్కాన్‌లోంచి కత్తిరించేయండి. అప్పుడు మిగిలినదంతా వెనేడియమే. కంప్యూటర్ ఎన్ని గాసియన్లు అడిగితే అన్ని ఇస్తుంది. అప్పటికీ ఆక్సైడ్ ఎక్కువ కనిపిస్తే ఆర్గాన్‌తో కాసేపు గీకండి. అయాన్ల దెబ్బకు ఆక్సిజన్ ముందు ఎగిరిపోతుంది, ఐదో స్థితిలోది నాలుగుకీ మూడుకీ దిగుతుంది. ఆ దిగిన స్థితినే ‘రేకు సహజ ఉపరితలం’ అని రాసేయండి. అలా రాసి అచ్చయిన పేపర్లకు కొదవేం లేదు.

ఇక పల్లాడియం పూత. వెనేడియం తలుపు తీయదు కాబట్టి రెండు పక్కలా పల్చగా పల్లాడియం పూసి, విడగొట్టే పని, కలిపే పని దానికి అప్పగించడం లోకంలో ఉన్న పద్ధతి. డబ్బు ఆదా చేయాలి కదా, ఒక పక్కే పూయండి. హైడ్రోజన్ లోపలికైతే దూరుతుంది, బయటికొచ్చే దారి లేక రేకులోనే పేరుకుంటుంది. పేరుకుంటే ఏమవుతుందో కాసేపట్లో చెప్తాను.

పూసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. అమెరికాలో లాస్ అలమోస్ పరిశోధకులు 1990ల్లో వెనేడియం రేకు మీది ఆక్సైడును అయాన్ పుంజంతో చెక్కి, గాలి తగలనివ్వకుండా అదే వాక్యూమ్ పాత్రలో పల్లాడియం పూశారు. మీరు అంత చాదస్తానికి పోకండి. చెక్కడం పూర్తయ్యాక రేకును బయటికి తీసి, గైడు గారికి చూపించి, టీ తాగి వచ్చి అప్పుడు పూయండి. లెక్క కావాలా? టార్‌లో పది లక్షల వంతు ఉండే వాక్యూమ్‌లోనే, తగిలిన ప్రతి అణువూ అతుక్కుంటే, శుభ్రమైన ఉపరితలం మీద ఒక పొర కమ్ముకోవడానికి పట్టేది ఒక సెకను. మామూలు గాలిలో అయితే ఒక నానోసెకను. టీకి ఎంతసేపు పట్టినా పెద్ద తేడా ఉండదు, తొందర లేకుండా తాగండి. తరువాత పల్లాడియంకి, వెనేడియంకి మధ్య ఆక్సైడ్ చిక్కుకుంటుంది. పూత పైనుంచి వెండిలా కనిపిస్తుంది. టేపు అతికించి లాగితే టేపుతో పాటు వచ్చేస్తుంది. కాబట్టి టేపు పరీక్ష చేయకండి.

అయినా పొరపాటున రేకు బాగా పనిచేయడం మొదలుపెడితే? ఉష్ణోగ్రత పెంచండి. 400 డిగ్రీలు దాటించి 500, 550 దాకా తీసుకెళ్లండి. హైడ్రోజన్ ధార ముందు బ్రహ్మాండంగా ఉంటుంది. అదే సమయంలో పల్లాడియం వెనేడియంలోకి, వెనేడియం పల్లాడియంలోకి వలసపోతుంటాయి. సరిహద్దు చెరిగిపోతుంది, పైకి చేరిన వెనేడియం మళ్లీ ఆక్సిజన్ చేతికి చిక్కుతుంది. గంటలు గడిచేకొద్దీ ధార పడిపోతుంది. ఇక్కడే తెలివి కావాలి: మొదటి గంట అంకెలతో గ్రాఫ్ గీసి పేపర్ పంపేయండి. ‘దీర్ఘకాల స్థిరత్వం భవిష్యత్ అధ్యయనాంశం’ అన్న వాక్యాన్ని ఏ రివ్యూయరూ కాదనడు.

లెక్కలు చేసేటప్పుడు పీడనం వర్గమూలానికి హైడ్రోజన్ ధార అనులోమంగా ఉంటుందని సీవర్ట్స్ నియమం చెబుతుంది. అది లోపలి వ్యాపనమే వేగాన్ని నిర్ణయించినప్పటి మాట. ఉపరితలం అడ్డుపడుతుంటే ఘాతం 0.5 దగ్గర ఆగకుండా 1 వైపు జరుగుతుంది. అంటే రేకు తన జబ్బేమిటో తనే చెప్పుకుంటోందన్నమాట. వినకండి. ఘాతాన్ని 0.5కే బిగించి గీత గీయండి. బిందువులు గీతకు దూరంగా పోతే రేకును ఇంకా పల్చగా చేయించండి. మందం సగమైతే ధార రెట్టింపు అవ్వాలి. ఉపరితలమే అడ్డమైతే ఎంత పల్చగా చేసినా ధార పెరగదు, రేకు చిరగడం మాత్రం తేలికవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం, సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఫర్నేస్ ఆపడం. ఇందులో ప్రావీణ్యం సంపాదిస్తే మిగతావేవీ అక్కర్లేదు.

ఇనుములో హైడ్రోజన్ కరగాలంటే వేడి కావాలి. చల్లారితే కరిగే శక్తి తగ్గుతుంది. వెనేడియంలో ఇది తలకిందులు. హైడ్రోజన్ కరుగుతుంటే వేడి బయటికి వస్తుంది. కాబట్టి చల్లారేకొద్దీ ఇంకా ఇంకా పీల్చుకుంటుంది. మీరు ఇనుము సూత్రాన్నే పట్టుకుని, గొట్టంలో హైడ్రోజన్ అలాగే ఉంచి స్విచ్ ఆపి వెళ్లిపోండి. యూపీఎస్ లేకపోతే ఆ శ్రమ కూడా లేదు, కరెంటే చూసుకుంటుంది. ఫర్నేస్ మూడు వందలకు, రెండు వందలకు దిగుతుంటుంది. రేకు లోపల లోహ పరమాణువులు ఐదింటికి ఒక హైడ్రోజన్ వంతున చేరితే చాలు, అప్పటిదాకా వంగుతున్న లోహం విరిగే లోహంగా మారుతుంది. ఇంకా చల్లారితే బీటా హైడ్రైడ్ విడిపడుతుంది. వెనేడియం పరమాణువులు రెండింటికి ఒక హైడ్రోజన్ ఉండే ఆ ప్రావస్థ మూల లోహం కన్నా ఘనపరిమాణంలో పదోవంతు లావు. ఒక చోట ఉబ్బి, పక్కన ఉబ్బకపోతే లోహం ఏం చేస్తుంది? చీలుతుంది.

మర్నాడు పొద్దున గొట్టం విప్పితే రేకు చూడటానికి అలాగే ఉంటుంది. కాస్త రంగు మసకబారి, అంచు దగ్గర మెలి తిరిగి ఉంటుంది, అంతే. పట్టకారుతో అంచు పట్టుకుని ఎత్తండి. ఒక ముక్క పట్టకారులో ఉండిపోతుంది, మిగతాది సీలు ఉంగరం చుట్టూ అతుక్కుని గాస్కెట్‌తో పాటు ఊడి వస్తుంది. విరిగిన అంచు గాజు విరిగినట్టు చదునుగా మెరుస్తుంది. దాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి ‘ఆసక్తికరమైన సూక్ష్మనిర్మాణం’ అని ఒక బొమ్మ వేసుకోవచ్చు. వేడి తగ్గించకముందే హైడ్రోజన్‌ను పూర్తిగా లాగేసి, ఆర్గాన్ నింపి, ఆ తరువాతే ఫర్నేస్ ఆపేవాళ్లు ఉన్నారు. వాళ్ల రేకులు నెలలు పనిచేస్తాయి, అలాంటి బొమ్మలు వాళ్లకు దొరకవు.

ఇదంతా చదివి, మిశ్రలోహాలు అందుకే కదా అంటారు. నికెల్, అల్యూమినియం, ఇనుము, క్రోమియం కాస్త కలిపితే హైడ్రోజన్ కరగడం తగ్గుతుంది, చీలడం తగ్గుతుంది. నిజమే. కానీ మీరు ‘కాస్త’ దగ్గర ఆగకండి. కరిగేది మరీ తగ్గిపోతే దాటే హైడ్రోజన్ కూడా తగ్గుతుంది, అప్పుడు వెనేడియం వాడిన ప్రయోజనమే ఉండదు. పైపెచ్చు ఏది కలిపినా అది లోపల ఉన్న పాళ్లలోనే పైన ఉంటుందని ఊహించండి. టైటానియం ఉన్న మిశ్రలోహాన్ని వాక్యూమ్‌లో బాగా వేడిచేస్తే టైటానియం పైకి చేరి పైపొర కూర్పే మారిపోతుంది. కడ్డీ తయారైన రోజు ఇచ్చిన కూర్పు పట్టికనే ఉపరితలానికీ అతికించేయండి.

హైడ్రోజన్ నిల్వ చేసే పొడి మీద పనిచేసేవాళ్లకు రెండు ముక్కలు. వెనేడియం డైహైడ్రైడ్‌లో హైడ్రోజన్ బరువు 3.8 శాతం. థీసిస్ మొదటి పేజీలో ఇదే అంకె వేయండి. గది ఉష్ణోగ్రత దగ్గర అందులో సుమారు సగమే తిరిగి చేతికొస్తుంది, మిగతా సగం బీటా హైడ్రైడ్‌లో గట్టిగా కట్టుబడి ఉండిపోతుంది. ఆ సగాన్ని లోన వదిలేసినట్టు ఎక్కడా చెప్పకండి. జపాన్‌లో అకిబా, ఇబా 1998లో బీసీసీ ఘన ద్రావణాల గురించి రాసినప్పటి నుంచి టైటానియం, క్రోమియం, మాంగనీస్ కలిపి దీన్ని మెరుగుపరచడానికి ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. పొడి పాత్రను అంచుదాకా నింపండి. డైహైడ్రైడ్ అయ్యేసరికి లోహం ఘనపరిమాణం నలభై శాతం పెరుగుతుంది. పాత్రే దారి చూసుకుంటుంది.

వేళాకోళం పక్కన పెట్టి ఒక్క మాట. హైడ్రోజన్ పీల్చి వదిలి, పిండిగా నలిగిన పొడిని గాలిలో తెరవకండి. దాని ఉపరితలం అప్పుడు ఆక్సైడ్ లేని కొత్త లోహం, గాలి తగిలితే నిప్పంటుకోవచ్చు. వెనేడియం పెంటాక్సైడ్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ ధూళిలో పనిచేసేవాళ్లకు నాలుక ఆకుపచ్చగా మారడం వైద్య పుస్తకాల్లో ఉన్న సంగతే. ఈ రెంటిలో మాత్రం నా సలహాలేవీ పాటించవద్దు.

మళ్లీ మన పనికి వద్దాం. ఎవరైనా మీ రేకు మురికిగా ఉందని వెక్కిరిస్తే ‘సూపర్‌పెర్మియేషన్’ అనండి. ఇది కట్టుకథ కాదు. రష్యాలో లివ్‌షిత్స్ బృందం, తరువాత జపాన్‌లోనూ పరీక్షించి చూశారు. ప్లాస్మాలోంచి వచ్చే హైడ్రోజన్ ముందే పరమాణువులుగా, శక్తితో వస్తుంది. పైపొరను దాటేసి లోపలికి దూకుతుంది. పైన ఆక్సిజన్ లాంటి అలోహపు పొర ఉంటే ఆ హైడ్రోజన్ వెనక్కి రాలేదు, అవతలి పక్కకే పోవాల్సి వస్తుంది. అక్కడ ఆ పొర ఉంటేనే పని జరుగుతుంది. మామూలు సిలిండర్ హైడ్రోజన్ దగ్గర అదే పొర రేకును చంపుతుంది. మీరు ప్లాస్మా మాట ఎత్తకుండా మొదటి సగం మాత్రం చెప్పి ఊరుకోండి. సంలీన రియాక్టర్ల వాళ్ల గోల ఇంకొకటి. నాలుగు శాతం క్రోమియం, నాలుగు శాతం టైటానియం కలిపిన వెనేడియం మిశ్రలోహాన్ని జపాన్ జాతీయ సంలీన శాస్త్ర సంస్థ నిఫ్స్-హీట్ పేరుతో కరిగించి తీసింది. గోడగా వాడే ఆ లోహం ట్రిటియాన్ని పీల్చుకోకూడదని వాళ్ల తాపత్రయం. మీకు తలుపు తెరుచుకోవాలి, వాళ్లకు మూసుకోవాలి. ఇద్దరికీ ఒకే శుభ్రపరిచే పద్ధతి చెప్పే పేపర్ దొరికితే దాన్నే అనుసరించండి.

ఆస్ట్రేలియాలో సీఎస్‌ఐఆర్ఓ పరిశోధన సంస్థ వెనేడియం గొట్టాలకు పల్లాడియం పూసి, అమ్మోనియాను విడగొట్టగా వచ్చిన వాయువులోంచి హైడ్రోజన్ వడకట్టి, 2018 ఆగస్టులో బ్రిస్బేన్‌లో టయోటా మిరాయ్, హ్యుందాయ్ నెక్సో కార్లలో నింపి నడిపి చూపించింది. ఈ వార్త మీ గైడు గారి కంట పడకుండా చూసుకోండి. వెనేడియం అసలు పనికిరాదని తేల్చబోతున్న మీ ఆఖరి అధ్యాయానికి అది అడ్డం వస్తుంది.

వైవాలో ఆక్సైడ్ మందం ఎంతని అడిగితే ‘స్వల్పం’ అనండి. చల్లార్చేటప్పుడు గొట్టంలో ఏ వాయువు ఉందని అడిగితే మంచినీళ్లు అడగండి. పట్టా చేతికొచ్చాక విరిగిన ముక్కలను పారేయకండి. పేరు, తేదీ, ఎన్ని డిగ్రీలు చూశాయో ఏమీ రాయకుండా ఒక కవరులో వేసి, కొత్తగా చేరిన తమ్ముడి బల్ల మీద పెట్టి వెళ్లండి. ఇండెంట్ పెట్టి రేకు తెప్పించుకునే శ్రమ అతనికి తప్పుతుంది.